పౌరనీతి పాఠం మార్కుల దగ్గరే ఆగిపోతోంది, ఏం చేయాలి? ఒక సోషల్ టీచర్ సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు కొత్తగా ఉద్యోగంలో చేరిన సోషల్ టీచర్. మీ 8వ తరగతి పిల్లలు ప్రాథమిక హక్కులు గడగడా అప్పజెప్తున్నారు, పరీక్షలో మార్కులు కూడా బాగానే తెచ్చుకుంటున్నారు. ఇంటర్వెల్ బెల్ కొట్టగానే అదే పిల్లలు కులం పేరు పెట్టి తిట్టుకుంటున్నారు, ఆటలో బలమున్నవాడు చెప్పిందే రూలు. ప్రజాస్వామ్యం, సమానత్వం, శాంతి అసలు బడిలో నేర్పగలిగేవేనా, నేర్పగలిగితే ఎఫ్ఏలు, ఎస్ఏల (ఏడాది పొడవునా పెట్టే చిన్న, పెద్ద పరీక్షల) మధ్య టైమ్ ఎక్కడిది, 'రాజకీయాలు చెప్తున్నారు' అని తల్లిదండ్రులు గొడవకొస్తే ఏం చేయాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. నేర్పగలం. పిల్లల చేతికి చిన్నదైనా సరే నిజమైన అధికారం ఒకటి ఇవ్వండి, దానికి వాళ్ళు ఒకరికొకరు జవాబు చెప్పుకునే ఏర్పాటు చేయండి. వారానికి ఒక్క పీరియడ్ చాలు. పాఠ్యపుస్తకం ఆ తర్వాత పనికొస్తుంది, బాగా పనికొస్తుంది, కానీ ముందు పిల్లలకి చేతిలో ఒక అనుభవం ఉండాలి. అది లేకుండా రాజ్యాంగం చెప్పడం, చెరువు చూపించకుండా ఈత నేర్పడం లాంటిదే.

నేను కృష్ణా జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో 23 ఏళ్ళుగా సోషల్ చెప్తున్నాను. ఇది నాకు మొదట్నుంచీ తెలిసిన విషయం కాదు, ఎలా తెలిసిందో చెప్తేనే మిగతాది అర్థమవుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో క్లాస్ లీడర్ని నేనే పెట్టేవాణ్ణి. బాగా చదివేవాడు, కాస్త పొడుగ్గా ఉన్నవాడు. నేను స్టాఫ్‌రూమ్‌కి వెళ్తే వాడు చాక్‌పీస్ పట్టుకుని మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాయాలి, నేను తిరిగొచ్చాక ఆ పేర్లకి బెత్తం దెబ్బలు. మనందరం అలాగే చదువుకున్నాం కాబట్టి అందులో తప్పుందని కూడా అనిపించలేదు. ఒకరోజు మామూలుకంటే ముందుగా వచ్చి తలుపు దగ్గర ఆగాను. ఒక పిల్లవాడు లీడర్ జేబులో పెన్ను పెట్టాడు. లీడర్ అరచేత్తో వాడి పేరు తుడిచేశాడు. ఆ కిందున్న ఇంకో పేరు పక్కన రెండు ఇంటూ మార్కులు పెట్టాడు, అంటే ఎక్కువ మాట్లాడాడని, రెండు దెబ్బలు ఎక్కువని. ఆ రెండో పిల్లవాడి దగ్గర ఇవ్వడానికేమీ లేదు. అప్పటికి మా క్లాసులో చెప్తున్న పాఠం సమానత్వపు హక్కు.

లీడర్ని పిలిచి నాలుగు తగిలించడం చాలా తేలిక. కానీ ఆ పద్ధతి పెట్టింది నేను. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని అధికారం, పైగా దెబ్బలతో ముడిపడ్డ అధికారం, 13 ఏళ్ళ పిల్లవాడి చేతికి నేనే ఇచ్చాను. ఆ తరగతిలో పిల్లలు నిజంగా నేర్చుకుంటున్న పౌరనీతి బోర్డు మీద ఉంది, పుస్తకంలో లేదు. ఆ వారమే బెత్తం తీసేశాను. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం రెండింటినీ నిషేధించింది, ఆ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, మనందరికీ తెలుసు. అయినా చాలా స్టాఫ్‌రూముల్లో బెత్తం ఇంకా బీరువా పక్కనే ఉంటోంది. మీ దగ్గరుంటే ముందు దాని సంగతి చూడండి. కొట్టే టీచర్ నోట హక్కుల పాఠం పిల్లలకి ఎక్కదు.

తరగతి సభ ఎలా నడుపుతానంటే

శనివారం ఆఖరి పీరియడ్. బల్లలు జరిపి గుండ్రంగా కూర్చుంటాం, నేను కూడా వాళ్ళ వరసలోనే. సభ నడిపేవాళ్ళు హాజరుపట్టీ ప్రకారం వారం వారం మారతారు, రాసేవాళ్ళూ అంతే. చేతిలో డస్టర్ ఉన్నవాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు వినాలి. ఎజెండా కోసం గోడకి ఒక పాత నోట్‌బుక్ దారంతో వేలాడదీశాను, వారమంతా ఎవరికి ఏ ఇబ్బంది తోస్తే అది అందులో రాస్తారు. ఏం నిర్ణయించారు, ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా, ఈ మూడూ మినిట్స్ పుస్తకంలో ఉండాలి. తర్వాతి శనివారం మొదటి పని పోయిన వారం నిర్ణయం ఏమైందో చదవడం. ఇది మాత్రం వదలొద్దు. తీర్మానాలు చేయడం పిల్లలకి సరదాగానే ఉంటుంది, దాని మీద లెక్క చెప్పడమే కష్టం, నేర్చుకునేదంతా అక్కడే.

ఒక జాగ్రత్త. మీ చేతిలో నిజంగా ఉన్న విషయాలే సభకి పెట్టండి. ఎక్కడ ఎవరు కూర్చోవాలి, ఆటవస్తువులు ఎవరికి ఎప్పుడు, గది ఊడ్చే వంతులు, ఆలస్యంగా వచ్చినవాళ్ళని ఏం చేయాలి. పరీక్ష తేదీలు మన చేతిలో లేవు, లేవని చెప్పేయండి. పిల్లల చేత నిర్ణయం చేయించి చివర్లో 'అది కుదరదులే' అన్నారంటే ఇంకోసారి ఎవరూ మనసుపెట్టి మాట్లాడరు. స్వపరిపాలన దినోత్సవం కూడా అందుకే నాకు సరిపోదనిపిస్తుంది. పిల్లలు చీరలు, పంచెలు కట్టుకుని ఒక్కరోజు టీచర్లవుతారు, ఒకమ్మాయి హెచ్‌ఎం కుర్చీలో కూర్చుంటుంది, ఫొటోలు బాగుంటాయి. మర్నాడు ఆ అమ్మాయి కుళాయి గురించి ఒక్క మాట చెప్పాలన్నా ఆఫీస్‌రూమ్ గుమ్మం దగ్గర భయపడుతూ నిలబడాలి. ఆ పండగ మానేయమనడం లేదు, దాన్నే ప్రజాస్వామ్యం అనుకోవద్దంటున్నాను.

ఇప్పుడు నాకు బాగా గుర్తున్న సభ ఒకటి చెప్తాను. ఆలస్యంగా వచ్చినవాళ్ళు రోజుకి 2 రూపాయలు కట్టాలని తీర్మానం వచ్చింది. చేతులెత్తితే దాదాపు అందరూ అవునన్నారు. నాకు నచ్చలేదు, అయినా ఊరుకున్నాను. పది రోజులు తిరిగేసరికి ఒక్క పిల్లవాడి పేరు మీదే 14 రూపాయలు బాకీ. వాళ్ళ నాన్నకి కాలు బాగోక వీడే పొద్దున్నే గేదెల పాలు కేంద్రంలో పోసి బడికొచ్చేవాడు. తర్వాతి సభలో లెక్కలు చదువుతుంటే తల వంచుకుని కూర్చున్నాడు, డస్టర్ తన దగ్గరికొస్తే పక్కవాడికి ఇచ్చేశాడు. అప్పుడు వాళ్ళ వీధి పిల్ల లేచి, "వాడు పాలు పోసి రావాలి సార్, మనం పడుకుని లేచే టైముకి వాడు రెండు కిలోమీటర్లు నడిచుంటాడు, వాడికి మీరు మార్కులెయ్యాలి గానీ మేం ఫైను వెయ్యడమేంటి" అంది. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తీర్మానం కొట్టేశారు, ఎందుకు ఆలస్యమైందో అడిగి అప్పుడు ఏం చేయాలో చూద్దామని రాసుకున్నారు.

ఆ తర్వాతి పీరియడ్‌లోనే నేను ప్రాథమిక హక్కుల పాఠం ఎత్తుకున్నాను. ఎక్కువమంది చేతులెత్తినంత మాత్రాన న్యాయమైపోదని, అందుకే కొన్ని విషయాలు ఓటుకి కూడా పెట్టకూడదని రాజ్యాంగం ముందే రాసిపెట్టిందని చెప్తే వాళ్ళకి కొత్తగా వివరించాల్సిన పని లేకపోయింది. మా తరగతికి కూడా అలాంటి జాబితా ఒకటి రాసుకున్నాం. ఒకరి తిండి, ఒకరి మర్యాద, ఒకరు కూర్చునే హక్కు, వీటిమీద ఓటు లేదు. హక్కులు దెబ్బతింటే నేరుగా సుప్రీంకోర్టుకి వెళ్ళొచ్చనే 32వ అధికరణాన్ని అంబేద్కర్ గారు రాజ్యాంగానికి గుండెకాయ, ఆత్మ అని ఎందుకన్నారో అప్పుడు చెప్పండి. హక్కు పోయినప్పుడు ఎవరి తలుపు తట్టాలో తెలియకపోతే మిగతా హక్కులన్నీ కాగితం మీదే ఉంటాయని పిల్లలే అంటారు.

లీడర్ ఎన్నిక

ఎన్నికని ఆటలా పెట్టొద్దు. మనలో చాలామందిమి ఎన్నికల డ్యూటీ చేసినవాళ్ళమే, ఆ అనుభవమంతా తరగతిలోకి తీసుకురండి. హాజరుపట్టీయే ఓటర్ల జాబితా. చాక్‌పీసుల అట్టపెట్టె బ్యాలెట్ బాక్స్, ముందు ఖాళీగా ఉందని అందరికీ తిప్పి చూపించి అప్పుడు కాగితం అంటించాలి. బల్ల మీద రెండు పుస్తకాల సంచులు అడ్డం పెడితే ఓటు వేసే చోటు తయారు. నోటా ఉండాలి, 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో అది ఎలా వచ్చిందో చెప్పండి. పోటీదారుల తరఫున ఏజెంట్లు కూర్చోవాలి. నిజం పోలింగులో తెల్లవారుజామునే ఏజెంట్ల ముందు మాక్ పోల్ చేస్తాం కదా, కనీసం 50 ఓట్లు వేసి, లెక్క సరిపోయిందని చూపించి, వాటిని చెరిపేసి అప్పుడు అసలు పోలింగ్ మొదలెడతాం. ఓటు ఎవరికి పడిందో ఓటరుకి చూపించే వీవీప్యాట్ యంత్రంలో చీటీ 7 సెకన్లు కనిపిస్తుంది. "మనల్ని నమ్మట్లేదనా సార్ ఇదంతా?" అని ఒకడు అడిగాడు. ఎవరి మాటా పట్టుకుని నమ్మక్కర్లేకుండా, ఎవరికి వాళ్ళు చూసుకునేలా పెట్టారు కాబట్టే ఓడినవాడు కూడా ఫలితం ఒప్పుకుంటాడని చెప్పాను.

లీడర్ పదవి నెలన్నర. ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో తరగతి ముందే రాస్తుంది. మా దగ్గర మొదటి రూలు 'లీడర్ ఎవరి పేరూ బోర్డు మీద రాయకూడదు'.

మొదటి ఎన్నికలో ఏమైందంటే, ఒకబ్బాయి ముందురోజు అందరికీ చాక్లెట్లు పంచాడు, గెలిచాడు. ఓడిన అమ్మాయి ఏడుస్తూ వచ్చి చెప్పింది. ఎన్నిక రద్దు చేయాలా, వాణ్ణి తిట్టాలా అని రాత్రంతా ఆలోచించాను. చివరికి సభలో పెట్టాను. తీసుకున్నవాళ్ళు చేతులెత్తమంటే మొదట ఒక్క చెయ్యీ లేవలేదు. తర్వాత ఒకటి, ఆ తర్వాత సగం తరగతి. ఒకడు అన్నాడు, "మా ఇంట్లో కూడా తీసుకుంటారు సార్. అందరూ ఇస్తారు, అందరి దగ్గరా తీసుకుని మాకు నచ్చినోళ్ళకే వేస్తాం అంటాడు మా నాన్న."

ఇలాంటి చోట పిల్లల ముందు వాళ్ళ అమ్మానాన్నల్ని తప్పుపట్టకండి. ఇంటి మీద బడి తీర్పు చెప్పిందంటే పిల్లవాడు ఇంటి వైపే నిలబడతాడు, నిలబడాలి కూడా. నేను ఒక్కటే అడిగాను, రేపు ఇదే లీడర్ ఆటల పీరియడ్‌లో బంతి తన స్నేహితులకే ఇచ్చాడనుకోండి, చాక్లెట్ తిన్నవాళ్ళు ఎలా అడుగుతారు? ఒకమ్మాయి వెంటనే, "ఏం అడుగుతాం సార్, లెక్క తేలిపోయింది కదా అంటాడు" అంది. చాక్లెట్ పంచిన పిల్లవాడే చివర్లో మళ్ళీ ఎన్నిక పెడదామన్నాడు. రెండోసారి మూడు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఆ సంవత్సరం చివర్లో ఇంకోసారి నిలబడి మామూలుగా గెలిచాడు.

ఓట్లు ఊరివాళ్ళు ఊరికి, పేటవాళ్ళు పేటకి, అబ్బాయిలు అబ్బాయికి వేసుకోవడం మీ దగ్గరా కనిపిస్తుంది. కంగారుపడకండి, వాళ్ళని నిందించకండి. పదవి చిన్నది, గడువు చిన్నది కాబట్టి నాలుగైదు ఎన్నికలు తిరిగేసరికి ఎవరు పని చేశారన్న మాట మొదలవుతుంది. నా అనుభవంలో అది జరగని తరగతులూ రెండు ఉన్నాయి. ఆ రెండు చోట్లా పెద్దవాళ్ళ మధ్య ఊళ్ళో గొడవ నడుస్తోంది, దాన్ని బడి ఒక్కటే ఆపలేకపోయింది.

అన్నం దగ్గర

మీ బడిలో సమానత్వం ఎంత ఉందో తెలియాలంటే మధ్యాహ్న భోజనం దగ్గర నిలబడి పది నిమిషాలు చూడండి. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, ఎవరు ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుంటున్నారు, ఎవరు వడ్డిస్తే ఎవరు 'చాలు చాలు' అని ప్లేటు వెనక్కి లాక్కుంటున్నారు. వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ఆదేశించింది, వంటవాళ్ళ నియామకాల్లో దళితులకి, ఎస్సీ ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో చెప్పింది. పిల్లలందరూ ఒక్కచోట కూర్చుని తినడం కూడా చదువులో భాగమే.

నేను పనిచేసిన ఒక బడిలో పేట పిల్లలు వరండా చివర, కుళాయి దగ్గర కూర్చునేవాళ్ళు. ఎవరూ కూర్చోమని చెప్పలేదు, ఎవరూ వద్దని కూడా అనలేదు. ఏళ్ళ తరబడి అలా జరిగిపోతోంది. నేను అంటరానితనాన్ని నిషేధించే రాజ్యాంగం 17వ అధికరణం మీద ఉపన్యాసం ఇవ్వలేదు. ఇచ్చుంటే ఆ పిల్లలు అందరి ముందూ తల దించుకునేవాళ్ళు, మిగతావాళ్ళు నేరం చేసినట్టు బిగుసుకుపోయేవాళ్ళు. హెచ్‌ఎం గారితో మాట్లాడి హాజరు నంబర్ల ప్రకారం వరసలు పెట్టాం, వడ్డించే వంతులు కూడా నంబర్ల ప్రకారమే. నేనూ ఇంకో మేడమూ ప్లేట్లు పట్టుకుని ఆ వరసల్లోనే కూర్చున్నాం. మొదటి వారం క్యారేజీలు పెరిగాయి. ఒక తండ్రి వచ్చి "మా అమ్మాయికి వడ్డించే పని చెప్పొద్దండి" అన్నాడు. అసలు కారణం అదికాదని ఇద్దరికీ తెలుసు. గట్టిగా మాట్లాడలేదు, కానీ వెనక్కి తగ్గలేదు కూడా. నంబరు వచ్చినప్పుడు అందరి పిల్లలూ వడ్డిస్తారండీ, మా అమ్మాయి ఇక్కడ చదివినా అంతే అన్నాను. నెల తిరిగేసరికి క్యారేజీలు తగ్గాయి. ఆ అమ్మాయి సాంబారు గిన్నె పట్టుకుని వరస పొడవునా నడుస్తూ, ఒక పిల్లవాడి దగ్గర ఆగి "ముక్కలు కావాలా, నీళ్ళు కావాలా" అని అడగడం చూశాను, వాడు ముక్కలే అన్నాడు, వెతికి రెండు మునక్కాడ ముక్కలు వేసింది. 17వ అధికరణం పాఠం ఆ తర్వాత చెప్పాను.

గొడవలు, శాంతి

శాంతి అంటే గొడవలు లేకపోవడం అని పిల్లలకి చెప్పకండి, వాళ్ళకే నవ్వొస్తుంది. గొడవ వస్తుంది. దాన్ని కొట్టుకోకుండా తేల్చుకోవడం నేర్పాలి. రాజ్యాంగ సభ గురించి చెప్పేటప్పుడు నేను ఈ అంకెలు తప్పకుండా చెప్తాను: ముసాయిదా మీద 7,635 సవరణలు వచ్చాయి, వాటిలో 2,473 సభలో ప్రతిపాదించారు. అంబేద్కర్ గారే 1949 నవంబర్ 25 నాటి ప్రసంగంలో ఆ లెక్క చెప్పారు. అంతమంది అన్నిసార్లు కాదని అడ్డుపడి, మళ్ళీ అదే గదిలో కూర్చుని ఒక పుస్తకం తయారుచేశారంటే పిల్లలు ఆశ్చర్యపోతారు.

ఇద్దరు పిల్లలు కొట్టుకుని వస్తే నేను చేసేది చాలా మామూలు పని. వేడి చల్లారేదాకా మంచినీళ్ళు తాగించి కూర్చోబెడతాను. మొదటివాడు ఏం జరిగిందో చెప్తాడు. రెండోవాడు తన వాదన మొదలెట్టే ముందు, మొదటివాడు చెప్పింది తన మాటల్లో తిరిగి చెప్పాలి, మొదటివాడు "అవును, నేనన్నది అదే" అనేదాకా. తర్వాత వంతు మారుతుంది. ఇదే మొత్తం కిటుకు. సగం గొడవలు ఇక్కడే అయిపోతాయి, ఎందుకంటే ఎదుటివాడి మాట మొదటిసారి పూర్తిగా వినేది అప్పుడే. ఆఖర్న 'ఎవరిది తప్పు' అని అడగను, 'ఏం చేస్తే సరిపోతుంది' అని అడుగుతాను.

మతం మీద, కులం మీద 'వాళ్ళంతా అలాంటోళ్ళే' అన్న మాట వస్తే, వాట్సాప్ వల్ల ఇప్పుడు ఎక్కువగానే వస్తోంది, బోర్డు మీద మూడు గళ్ళు గీయండి. నేను చూసింది, నేను విన్నది, నేను అనుకున్నది. చెప్పినవాణ్ణే ఆ మాట ఏ గడిలో రాయాలో చెప్పమనండి. మొదటి గడి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

కానీ అన్నిటికీ రాజీ పనికిరాదు. ఇది గట్టిగా చెప్తున్నాను. బలమున్నవాడు బలంలేనివాణ్ణి రోజూ ఏడిపిస్తుంటే, కులం పేరుతో అవమానిస్తుంటే, ఆడపిల్లని వేధిస్తే, దాన్ని గుండ్రంగా కూర్చుని మాట్లాడుకునే గొడవగా చూడొద్దు. దెబ్బతిన్న పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి చేతులు కలపమనడం మనం చేసే రెండో దెబ్బ. వెంటనే హెచ్‌ఎం గారికి రాతపూర్వకంగా చెప్పండి. లైంగిక వేధింపు అయితే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, 'పరువు పోతుంది' అని బడిలోనే అణచడం నేరం. పిల్లల సహాయం కోసం 1098 నంబరు ప్రతి తరగతి గోడ మీద పెద్ద అక్షరాల్లో రాసిపెట్టండి.

ప్రతిజ్ఞ

మనం రోజూ ప్రేయర్‌లో చెప్పించే ప్రతిజ్ఞని వాడుకోండి. అది తెలుగులోనే పుట్టింది. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు 1962లో రాశారు, ఆ తర్వాత దేశమంతా వెళ్ళింది. పిల్లలకి ఈ సంగతి చెప్తే వెన్ను నిటారుగా పెట్టి వింటారు. వారానికి ఒక్క వాక్యం తీసుకోండి. 'ప్రతివారితోను మర్యాదగా నడచుకొంటాను' వాక్యం వచ్చిన వారం సభలో, ఈ వారం మనం ఎవరితో మర్యాదగా లేము అని అడిగాను. కొంతసేపటికి ఒకడు, "స్కావెంజర్ ఆంటీని ఏయ్ అని పిలుస్తున్నాం సార్" అన్నాడు. ఆవిడ పేరేంటో తరగతిలో ఒక్కరికీ తెలియదు. నాకూ తెలియదు. వెళ్ళి అడిగి తెలుసుకున్నాం.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి కథ కూడా తప్పకుండా చెప్పండి. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ప్రదర్శన దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూ గారిని లోపలికి పంపలేదు. అప్పటికి ఆమెకి 14 ఏళ్ళు, అంటే మీ ముందు కూర్చున్న పిల్లల ఈడే. రాజమండ్రిలో పుట్టిన ఆ అమ్మాయే తర్వాత రాజ్యాంగ సభలో సభ్యురాలైంది.

ఊరితో పని

తరగతి సభ కాస్త కుదురుకున్నాక బయటికి వెళ్ళండి. మా ఆడపిల్లలు టాయిలెట్ తలుపులకి గడియలు లేవని ఎజెండా పుస్తకంలో రాశారు, పేరు లేకుండా. ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడేవాళ్ళట. నాకు సిగ్గనిపించింది, ఏడాదిగా ఆ బడిలో ఉన్నాను. పిల్లలే మూడు విషయాలతో అర్జీ రాశారు: గడియలు, నీళ్ళ ట్యాంకు, ప్రహరీ గేటు. రెండు కాపీలు తీసి, పంచాయతీలో ఇచ్చి, రెండో కాపీ మీద 'అందినది' అని సంతకం, ముద్ర, తేదీ వేయించుకున్నారు. ఆ ముద్ర వేయించుకోవడం ఒక్కటి నేర్పినా చాలు, మన పెద్దవాళ్ళు నోటిమాటగా అడిగి అడిగి అలసిపోతుంటారు. ఇరవై రోజుల తర్వాత గ్రామసభకి ఐదుగురు వెళ్ళి ఆ కాపీ చూపించి అడిగారు. గడియలు వారంలో వచ్చాయి. గేటు వేసవి సెలవుల తర్వాత వచ్చింది. ట్యాంకు నేను బదిలీ అయ్యేదాకా రాలేదు. పిల్లలకి అదీ తెలియాలి, అడిగినవన్నీ రావు, మళ్ళీ అడగాలి. సమాచార హక్కు చట్టం 2005 కింద 30 రోజుల్లో జవాబివ్వాలని, మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకి ఫీజు లేదని, మండల స్థాయిలో 5 రూపాయలని కూడా అప్పుడే చెప్పాను. ట్యాంకు మీద ఒక పిల్లవాడి మేనమామ దరఖాస్తు పెట్టారు.

టైమ్, తల్లిదండ్రులు, రాజకీయం

టైమ్ గురించి పెద్దగా చెప్పను. ఎఫ్ఏలో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి కదా, మినిట్స్ పుస్తకం, అర్జీ, ఎన్నిక నివేదిక అన్నీ ప్రాజెక్టులే. గూగుల్ బొమ్మలు అంటించిన చార్టుల కంటే ఇవి నయం, ఏ అధికారి వచ్చి చూసినా నిలబడతాయి.

తల్లిదండ్రులకి ముందే చెప్పండి, గొడవ వచ్చాక కాదు. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో చట్టప్రకారం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఒక సమావేశంలో తరగతి సభ ఏంటో పిల్లల చేతే చెప్పించండి. నా దగ్గర ఎక్కువ మద్దతు అమ్మల నుంచే వచ్చింది.

పార్టీల విషయంలో నా పద్ధతి కచ్చితం. తరగతిలో పార్టీ పేరు, నాయకుడి పేరు నా నోట రాదు. పిల్లలు తెస్తే, అటువైపు వాదన కూడా ఇంకొకరి చేత చెప్పిస్తాను. "మీరు ఎవరికేశారు సార్?" అని ప్రతి ఎన్నికలప్పుడూ అడుగుతారు. రహస్య బ్యాలెట్ అని పాఠం చెప్పింది నేనే కదా అంటాను. కానీ తటస్థంగా ఉండటమంటే అన్నిటి మీదా మౌనంగా ఉండటం అనుకోకండి. అంటరానితనం మీద, ఆడపిల్ల చదువు మాన్పించడం మీద, బాల్య వివాహం మీద నాకు రెండు వైపులు లేవు, రాజ్యాంగానికీ చట్టానికీ లేవు. అక్కడ నేను ఎటువైపో పిల్లలకి స్పష్టంగా తెలుసు.

వచ్చే శనివారం మొదటి సభ పెట్టండి. ఏ విషయం పెట్టాలో తోచకపోతే ఫ్యాన్ కింద ఎవరు కూర్చోవాలన్నది పెట్టండి. మా గదిలో మూడు ఫ్యాన్లలో ఒక్కటే తిరిగేది, మొదటి సభలో ముప్పావు గంట దాని మీదే నడిచింది, వరసలు వారం వారం జరగాలని తేల్చారు. చెమట ఎక్కువ పట్టే ఒకబ్బాయికి ఫిట్స్ మందులు వాడుతున్నాడని రెండు వారాలు అదనంగా ఇచ్చారు, ఆ మాట నేను చెప్పలేదు, వాళ్ళకే తెలుసు. మొదటి రెండు మూడు సభల్లో గోల గోలగా ఉంటుంది, అమ్మాయిలు మాట్లాడరు, అందరూ మీ మొహం వైపు చూసి మాట్లాడతారు. మీరు కిందకి చూస్తూ నోట్స్ రాసుకోండి, కాసేపటికి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవడం మొదలెడతారు. మీ దగ్గర ఏం జరిగిందో ఇక్కడే రాయండి, ఎక్కడ ఆగిపోయారో చెప్తే దాన్నిబట్టి మాట్లాడుకుందాం.